బొగ్గుతో రాసిన తేటగీతి

ఇందూరు ఖిల్లాలో దాశరథి కృష్ణమాచార్య గోడ మీద బొగ్గుతో రాసిన పద్యంలో ఆఖరి పాదం, 'నా తెలంగాణ కోటి రత్నాల వీణ', తెలంగాణలో బడిపిల్లలకు కూడా నోటికి వచ్చు. మిగతా మూడు పాదాలు అడిగితే పెద్దలు సైతం కాస్త తడుముకుంటారు. అది తేటగీతి అని, దానికి గణాల లెక్క, యతి కట్టు ఉన్నాయని చెబితే ఆశ్చర్యంగా చూసేవాళ్లు ఇంకా ఎక్కువ. ఉద్యమాలు ఆ ఒక్క పాదాన్ని అంతగా వాడుకున్నాయి. బ్యానర్ల మీద రాశారు, వేదికల మీద ఎలుగెత్తారు, ఉపన్యాసాల చివర తగిలించారు. అందులో తప్పేమీ లేదు, పద్యం పుట్టిందే అందుకు. అయితే మంచి వడ్రంగి చేసిన మంచంలో మేకు కనపడదు. పడుకునేవాడికి ఆ సంగతి అక్కర్లేదు గానీ, పనితనం అంటే ఇష్టమున్నవాడు ఒక్కసారైనా మంచం తిరగేసి చూస్తాడు. ఈ పద్యాన్ని అట్లా తిరగేసి చూద్దాం.

ముందు చోటు సంగతి. ఇందూరుకు నిజామాబాద్ అన్న పేరు 1905లో వచ్చింది. ఊరికి పడమట గుట్ట మీదున్న కోటను మాత్రం జనం ఇప్పటికీ ఖిల్లా అనే అంటారు. కింద రఘునాథ చెరువు, పైన రామాలయం, దాని పక్కనే నిజాం కాలంలో జైలుగా మారిన రాతి కట్టడం. తర్వాత జైలు గుట్ట దిగి బోధన్ రోడ్డు మీది సారంగాపూర్‌కు పోయింది. సహకార చక్కెర ఫ్యాక్టరీ కట్టిందీ అక్కడే. మా జిల్లాలో ఏ కథ మొదలుపెట్టినా ఎక్కడో ఒకచోట చక్కెర తగులుతుంది, ఈ కథలోనూ తగలబోతోంది.

హైదరాబాద్ సంస్థానం చివరి రోజుల్లో దాశరథిని ఈ ఖిల్లాలో పెట్టారు. 1925 జూలై 22న చిన్నగూడూరులో పుట్టినవాడు, అప్పటికి ఇరవై దాటి రెండు మూడేళ్లే. పక్కన ఉన్న ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి, ఈయన కన్నా పదేళ్లు పెద్ద. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు అచ్చువేయడమే కాక ఊరూరా తిరిగి స్వయంగా అమ్మినవాడు. పుస్తకమే ప్రాణంగా బతికిన మనిషి పక్కన, కాగితం ముక్క దొరకని చోట, ఒక కుర్ర కవి. 1949లో వెలువడిన తన తొలి పుస్తకం 'అగ్నిధార'ను దాశరథి ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడంటే ఆ జైలు సహవాసం ఎట్లాంటిదో ఊహించుకోవచ్చు.

చేతిలో ఉన్న పనిముట్టు బొగ్గు. పళ్లు తోముకోవడానికి ఖైదీలకు ఇచ్చే బొగ్గు అది. బొగ్గుతో గోడ మీద రాసి చూసినవాళ్లకు దాని గుణం తెలుస్తుంది. సన్నటి అక్షరం పడదు. పెద్దగా రాయాలి, గట్టిగా ఒత్తాలి, ఒత్తితే అరుగుతుంది, చెయ్యి తగిలితే చెరుగుతుంది. కొట్టివేతలు, దిద్దుబాట్లు కుదరవు. పైగా కాపలావాడు వచ్చేలోపు పూర్తి కావాలి, వచ్చి చూస్తే దెబ్బలు తప్పవు. దాశరథి ఆ దెబ్బలు తిన్నాడు కూడా. ఇట్లాంటి చోట కవి ముందుగా తేల్చుకోవలసింది ఎంత రాయాలన్నది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. నాలుగు పాదాలు కలిస్తే 80, 84. దాశరథికి వృత్తాలు కొట్టిన పిండి, 'అగ్నిధార' తెరిస్తే ఆ ధాటి తెలుస్తుంది. అయినా ఇక్కడ ఎంచుకున్నది తేటగీతి. ఈ పద్యం మొత్తం లెక్కపెడితే 49 అక్షరాలు.

పొట్టితనం ఒక్కటే చూసుకుంటే ఇంకా చిన్నవి ఉన్నాయి. తేటగీతికి ఉన్న సుగుణం వేరు. దానిలో ప్రాస నియమం లేదు కాబట్టి కవి చేతికి కొంత ఆడే చోటు దొరుకుతుంది. యతి నియమం ఉంది కాబట్టి వినేవాడి జ్ఞాపకానికి పట్టు దొరుకుతుంది. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో యతి కలవాలి. లేదంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరాలకు ప్రాస కుదిరినా చాలు, దాన్ని ప్రాసయతి అంటారు. ఆటవెలది లాగే ఇదీ తెలుగు నేల మీద పుట్టిన ఛందస్సు, పాటకు దగ్గరి చుట్టం. గోడ మీద చెరిపేస్తారని ముందే తెలిసినప్పుడు, పక్క గదిలోవాడు ఒక్కసారి విని దాచుకోగల పద్యం కావాలి. తేటగీతి దానికి సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు పాదం పాదంగా చూద్దాం. మొదటి పాదంలో రాజుకు నేరుగా పిలుపు, అదీ తిట్టుతోనే. రెండో పాదంలో ఇట్లాంటి రాజును మేం ఎన్నడూ చూడలేదన్న మాట. ఈ రెండు పాదాల్లోనూ యతి స్థానంలో కవి ప్రాసయతి వాడాడు, రెండిట్లోనూ నకారంతోనే. కాకపోతే మొదటి పాదంలో అది ఒంటి నకారం, రెండో పాదంలో జంట నకారం. అదే చోట, అదే ధ్వని, రెండోసారి బరువు పెరిగింది. అనుకుని చేశాడా, తనంతట వచ్చిందా అన్న ప్రశ్న నాకు అంత ముఖ్యంగా తోచదు. చిన్నప్పటి నుంచి వేల పద్యాలు నోట్లో నానినవాడికి ఆ రెండింటి మధ్య గోడ ఉండదు.

మూడో పాదం తీగలు తెంపి నిప్పులో వేయడం గురించి. ఇక్కడ నడక మారుతుంది. ఒక్క ఈ పాదంలోనే వరసగా మూడు లఘువులు వస్తాయి, ఒక్క ఈ పాదానికే 13 అక్షరాలు, మిగతావాటికి 12. తెంచే పని చకచకా జరిగిపోయినట్టు పాదం కూడా పరుగెత్తి, తెంపిన మాట దగ్గర ఠక్కున ఆగుతుంది. యతి కూడా ప్రాసయతి నుంచి అక్షరమైత్రికి మారింది, త-ద జత. ఇక నాలుగో పాదంలో గురువులు ఏడు. మిగతా మూడు పాదాల్లోనూ ఆరేసి. అంటే పద్యంలో అన్నిటికన్నా బరువైన, నెమ్మదిగా సాగే పాదం చివరిది. గొంతెత్తి అనడానికి, రాగం తీయడానికి, వేలమంది కలిసి పలకడానికి వీలైన పాదం. అది నినాదంగా మారడానికి అర్థంతో పాటు ఈ ఏడు గురువులు కూడా కారణమని నా నమ్మకం.

దానికన్నా గొప్ప పని వాక్యంలో జరిగింది. తెలుగు వాక్యంలో మామూలుగా కర్మ ముందు, క్రియ తర్వాత. ఈ పద్యంలో తీగలు తెంపావు, నిప్పులో దింపావు అన్న క్రియ మూడో పాదంతోనే అయిపోతుంది. దేని తీగలు? ఇంకా చెప్పలేదు. ఆ జవాబు నాలుగో పాదంలో వస్తుంది, అదీ ఏ విభక్తీ లేకుండా. 'ను' లేదు, 'నే' లేదు, క్రియ అసలే లేదు. తెలంగాణ అన్న పేరు, వీణ అన్న మాట, మధ్యలో దాని వెల. దాంతో ఆ పాదాన్ని రెండు రకాలుగా చదవొచ్చు. పైవాక్యానికి కర్మగా చదివితే అది ఫిర్యాదు. విడిగా చదివితే అది ప్రకటన. నువ్వు తెంపినదీ అదే, నువ్వు ఎంత తెంపినా ఇంకా ఉన్నదీ అదే. రెండో పాదంలో 'మాకు' అన్నవాడు ఇక్కడికి వచ్చేసరికి 'నా' అంటాడు. అందరి తరఫున మొదలైన ఫిర్యాదు ఒక్కడి సొంత ఆస్తి గురించి అయిపోతుంది. పద్యం నుంచి ఆ పాదం ఊడి వచ్చి దేశం మీద పడిందంటే, ఊడి రావడానికి వీలుగా కవి దాన్ని బిగించాడు మరి.

ఇక్కడ ఒక చిన్న పితలాటకం ఉంది. జనం నోట్లో, చాలా బ్యానర్ల మీద ఆ వీణకున్నవి 'రతనాలు'. ఛందస్సు అడిగేది 'రత్నాలు'. ఆ జంట అక్షరం రెండు పనులు చేస్తోంది. తన ముందున్న ర-ను గురువు చేసి మూడో గణాన్ని పూర్తి చేస్తుంది. తన కడుపులో దాచుకున్న నకారంతో పాదం మొదటి అక్షరానికి యతి కలుపుతుంది. విడదీసి పలికితే గణమూ పోతుంది, యతీ పోతుంది. పాటగా పాడేటప్పుడు విడిన రూపమే తియ్యగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ గోడ మీద బొగ్గు అరుగుతుంటే కూడా గణం తప్పని మనిషి చేసిన అతుకు అది, దాన్ని ఊడదీస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇట్లాంటి జైలు పనితనానికి ప్రపంచంలో గొప్ప కాణాచి ఒకటుంది. ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, తరాస్ షెవ్చెంకో పేరుతో ఉన్న జాతీయ మ్యూజియం. షెవ్చెంకో కవీ చిత్రకారుడూ రెండూను. 1814లో వెట్టి రైతు కుటుంబంలో పుట్టాడు, అంటే పుట్టుకతోనే ఒక దొర ఆస్తి. ఆయన చిత్రకళ చూసి ముచ్చటపడ్డ పెద్ద చిత్రకారుడు బ్రూలోవ్ ఒక కవి రూపచిత్రం గీసి ఇస్తే, దాన్ని లాటరీ పెట్టి, వచ్చిన 2500 రూబుళ్లు కట్టి 1838లో విడిపించారు. బొమ్మ ఖరీదు మనిషి ఖరీదైన సందర్భం చరిత్రలో ఇంకొకటి ఉందో లేదో. 1840లో వచ్చిన ఆయన తొలి కవితా సంపుటి పేరు 'కొబ్జార్'. కొబ్జా అనే తీగల వాద్యం మీటుతూ ఊరూరా గాథలు పాడేవాళ్లను అక్కడ కొబ్జార్లంటారు. ఖిల్లా గోడ మీద వీణ రాసినవాడికి ఆయన వరసకు అన్న అవుతాడు.

1847లో షెవ్చెంకోను పట్టుకుని, మామూలు సిపాయిగా ఉరాల్ నది దాటి ఓర్స్క్ కోటకు పంపారు. శిక్ష కాగితం మీద జార్ మొదటి నికొలస్ సొంత చేత్తో ఒక ముక్క కలిపాడు. కఠినమైన నిఘాలో ఉంచాలి, రాయనివ్వకూడదు, గీయనివ్వకూడదు. ఆయనను చంపదలిస్తే చంపేసేవాడు. ఏం చేస్తే ఎక్కువ నొప్పో తెలిసిన పాలకుడు రాసిన వాక్యం అది. విచారణ కాలంలో పీటర్స్‌బర్గ్ జైలు గదిలోనే 13 కవితల వరస రాసిన షెవ్చెంకో, ప్రవాసంలో చిన్న చిన్న కాగితాలు మడిచి కుట్టి పుస్తకాలు చేసుకున్నాడు. 1847 నుంచి 1850 దాకా ఏడాదికి ఒకటి. అరచేతి కన్నా చిన్నవి, బూటు గొట్టంలో దాచుకునేవాడు. వాటిలో అక్షరాలు ఆవగింజల్లా ఉంటాయి. బొగ్గు దాశరథిని పెద్దగా రాయమంది, బూటు షెవ్చెంకోను చిన్నగా రాయమంది. ఇద్దరి చేతికీ అందిన ఛందస్సు మాత్రం ఒకే తీరుది. షెవ్చెంకో చాలా కవితలు కొలొమియ్కా అనే పల్లెపాట నడకలో ఉంటాయి, ఎనిమిది అక్షరాల మీద ఒక విరుపు, ఆ తర్వాత ఆరు. దాచుకునే పుస్తకం పోయినా జనం నోట బతికే నడక అది.

చిత్రాల సంగతికి వస్తే కీవ్ మ్యూజియం నిజంగా కన్నుల పండుగ. ఆయన చేతి బొమ్మల్లో చాలా భాగం అక్కడే ఉంది. 1842 నాటి 'కటెరీనా' తైలచిత్రాన్ని తీసుకోండి. మోసపోయి కడుపుతో ఉన్న పల్లె పిల్ల ఉత్తకాళ్లతో, తలవంచుకుని మన వైపు నడిచి వస్తుంటుంది. వెనక గుర్రం మీద సిపాయి దూరంగా పోతుంటాడు. పక్కన గుడిసె ముందు ఒక ముసలివాడు కొయ్య గరిటెలు చెక్కుకుంటూ కూర్చుంటాడు. నేల మీద విరిగిన ఓక్ కొమ్మ. కథంతా అమ్మాయి ముఖంలో పెట్టి సరిపుచ్చుకోవచ్చు, చాలామంది అదే చేస్తారు. ఈయన కథను దారి మీద చల్లాడు. ఎవరు ఎటు కదులుతున్నారో చూస్తేనే ఏం జరిగిందో తెలిసిపోతుంది. ఆ గరిటెలు చెక్కే ముసలివాడు మాత్రం నాకు అన్నిటికన్నా ఇష్టం. లోకం తలకిందులైనా తన పని మానని పనివాడు.

అచ్చు చిత్రాల్లో ఆయన ఇంకా గట్టివాడు. రాగి రేకుకు మైనపు పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచితే గీసిన చోటల్లా అది లోహాన్ని తింటుంది. ఎంతసేపు ముంచితే గీత అంత లోతు, అచ్చులో అంత నలుపు. అంటే చీకటిని ఇక్కడ గడియారంతో కొలుస్తారు. 1844లో ఈ పద్ధతిలో ఉక్రెయిన్ దృశ్యాలు ఆరు అచ్చువేశాడు. పదేళ్ల ప్రవాసం తర్వాత తిరిగొచ్చి మళ్లీ రాగి రేకే పట్టుకుని, రెంబ్రాంట్ చిత్రాలకు ప్రతులు చేసి చెయ్యి సాధించి, 1860లో ఇంపీరియల్ కళా అకాడమీలో చెక్కుడు చిత్రకళకు అకడమీషియన్ అయ్యాడు. మధ్యలో కాస్పియన్ తీరపు కోటలో, 1856-57లో, బైబిల్లోని దారితప్పిన కొడుకు కథను సైనిక శిక్షల లోకంలోకి తెచ్చి వేసిన ఎనిమిది చిత్రాలున్నాయి. సిరా, బూడిద గోధుమ రంగు నీటి పూత, అంతే. జైలు, కొయ్యదుంగ శిక్ష, సిపాయిల వరస మధ్య బెత్తపు దెబ్బలు. రంగులు లేవు కాబట్టి ఒంటి మీద పడే వెలుతురే అన్ని పనులూ చేస్తుంది. బొగ్గుతో సున్నపు గోడ మీద గీసేవాడికీ ఇవే రెండు రంగులు.

చక్కెర తగులుతుందని ముందే చెప్పాను. ఆ మ్యూజియం ఉన్న భవనం 1875లో మికోలా తెరెష్చెంకో అనే వ్యాపారి కొన్నది. ఆ కుటుంబం సంపద చక్కెర నుంచి వచ్చింది, చెరకు బదులు అక్కడ బీట్ దుంప. మ్యూజియం అందులో 1949లో తెరిచారు. అంతకు చాలా ముందే, 1859లో, షెవ్చెంకో హొరోదిష్చే దగ్గరి ఒక చక్కెర ఫ్యాక్టరీకి అతిథిగా వెళ్లాడు. దాని యజమాని ప్లటోన్ సిమిరెంకో డబ్బిస్తేనే 1860లో 'కొబ్జార్' మళ్లీ అచ్చయింది. బోధన్ పక్క శక్కర్‌నగర్‌లో పుట్టి పెరిగినవాళ్లకు ఇది చెబితే నవ్వుతారు. వాళ్ల ఫ్యాక్టరీ 1937లో పుట్టి, ఒకనాడు ఆసియాలోనే పెద్దదని పేరు మోసి, చేతులు మారి, 2015లో మూతపడింది. బండ్లు బారులు తీరిన రోజులు చెప్పుకుంటారు, కోతల కాలంలో ఊరంతా కాగిన రసం వాసన కొట్టేదంటారు. చక్కెర డబ్బు ఎక్కడైనా భవనాలు కడుతుంది. అక్కడ ఆ భవనంలోకి వెట్టి రైతు కొడుకు బొమ్మలు చేరాయి.

బోధన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట దాటవేయకూడదు. ఖిల్లా పద్యం ఎవరిని తిట్టిందో ఆ ఏడో నిజాం హయాంలోనే మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది, దాని కాలువల కిందే చెరకు పండింది, శక్కర్‌నగర్ లేచింది. మా ఊళ్లలో ముసలివాళ్లు ఆ పద్యమూ చెబుతారు, ఆ కాలువకు దండమూ పెడతారు. పద్యం తీర్పుకాగితం అయితే ఈ రెండూ పొసగవు. పద్యం ఒక దెబ్బకు మారు దెబ్బ. రజాకార్ల రోజుల్లో జైలు గదిలో ఉన్నవాడు నీటిపారుదల లెక్కలు వేసి పద్యం రాయడు, రాయనక్కర్లేదు. దాశరథికి ఆ ఏలుబడి మీదున్న కోపం ఆ ఏలుబడి భాష మీదకు పాకలేదన్నది నాకు ఇంకా గొప్పగా కనపడుతుంది. 1961లో ఆయన 'గాలిబ్ గీతాలు' తెచ్చాడు, బాపు బొమ్మలతో. ఉర్దూ షేర్‌కు ఉండేవి రెండు పాదాలే. మొదటిది ఎగదోస్తుంది, రెండోది తీరుస్తుంది. దాన్ని తెలుగులో నాలుగు పొట్టి పాదాలుగా పరిచి, ఆ మలుపును ఆఖరి పాదం దాకా బిగపట్టి ఉంచాడు. మూడు పాదాలు ఆగి నాలుగో పాదంలో విప్పే ఆ చెయ్యి మనకు ఖిల్లా గోడ మీదే పరిచయమైన చెయ్యి.

కీవ్‌లో ఉన్నట్టు ఇక్కడ చూపడానికి రాగి రేకులు, తైలచిత్రాలు లేవు. బొగ్గు గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. మిగిలింది 49 అక్షరాలు, వాటి మధ్య అతుకులు. ఖిల్లాలో దాశరథికి సరైన మ్యూజియం పెట్టాలనుకునేవాళ్లు విగ్రహంతో సరిపెట్టకుండా, ఆ పద్యాన్ని గణాలు విడదీసి, యతులకు గీతలు కలిపి ఒక గోడ నిండా రాయించాలి. గుట్టెక్కి వచ్చిన పిల్లలు గురువులూ లఘువులూ వాళ్లే లెక్కపెట్టుకోవడానికి కింద కాస్త ఖాళీ, నాలుగు బొగ్గు ముక్కలు. చెక్కే శిల్పికి మాత్రం ముందే ఒకటి చెప్పి ఉంచాలి. నాలుగో పాదంలో త కింద న వత్తు పడాలి, బ్యానర్ చూసి చెక్కవద్దు.